ఒట్టి మనిషి కాదు: కాన్పు కరపత్రం ఎవరితో మాట్లాడాలి?

పోయిన ఏడు హన్మకొండలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కరపత్రం ప్రూఫు దిద్దుతూ కూర్చున్నాను. కడుపుతో ఉన్నప్పుడు చేయించుకోవాల్సిన పరీక్షల గురించి ఒక స్వచ్ఛంద సంస్థ వేయిస్తున్న కాగితం అది. ఇంగ్లిష్‌లో పుట్టి, ఎక్కడో తెలుగై, నా దగ్గరికి వచ్చింది. మొదటి వాక్యం ఇది: ‘గర్భిణీ వ్యక్తులు మరియు ప్రసవించే వ్యక్తులు 12 వారాలలోపు తమ పేరును నమోదు చేసుకోవలెను.’ కట్టలు తీసుకుపోవడానికి వచ్చిన ఆశా కార్యకర్త నా భుజం మీదుగా అది చదివి, ‘‘ప్రసవించే వ్యక్తులంటే ఎవరక్కా, కాన్పు జేసే నర్సమ్మలా? వాళ్లు గూడ పేరు రాయించుకోవాల్నా?’’ అని అడిగింది.

ఆమె అలా అర్థం చేసుకోవడంలో తప్పేమీ లేదు. ‘ప్రసవించే వ్యక్తి’ అన్న మాట మా దిక్కు ఎవరి నోటా వినపడదు. వినని మాట ఎదురైతే మనిషి తనకు తెలిసిన దగ్గరి అర్థానికి పోతుంది. ఇక ‘గర్భిణి’ సంస్కృతంలోనే స్త్రీలింగ రూపం. స్త్రీ ఆ మాటలోనే ఉంది కాబట్టి ‘గర్భిణీ స్త్రీ’ అనడమే ఒకటికి రెండుసార్లు చెప్పడం. ‘గర్భిణీ వ్యక్తి’ అంటే ఒక చేత్తో రాసి ఇంకో చేత్తో చెరిపేయడం.

అయితే ఆ మాటలు పెట్టినవాళ్ల ఉద్దేశం ఉత్త ఫ్యాషన్ కాదు. ఆ ఉద్దేశమూ, దాన్ని తెలుగులో చెప్పిన తీరూ వేర్వేరు సంగతులు. రెంటినీ ఒకే గాటన కట్టి కొట్టిపారేయడం తేలిక కాబట్టి చాలామంది ఆ పనే చేస్తారు.

ముందు ఉద్దేశం. గర్భం మోసేవాళ్లంతా తమను ఆడవాళ్లుగా అనుకోరు. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించినా, పెరిగి మగవాడిగా బతుకుతున్న ట్రాన్స్ పురుషుడికి గర్భసంచి ఉండొచ్చు, నెలసరి రావచ్చు, గర్భమూ నిలవచ్చు. టెస్టోస్టెరాన్ తీసుకోవడంతో నెలసరి ఆగినవాళ్లలో కొందరు ఇక గర్భం రాదని ధీమాగా ఉంటారు. ఆ హార్మోన్ గర్భనిరోధకం కాదు. ‘మహిళల కోసం’ అని పైన రాసి ఉన్న కాగితాన్ని ఆ మనిషి చేతిలోకే తీసుకోకపోతే, లోపల రాసిన ఈ ముక్క అతనికి చేరదు.

మాట తప్పితే ఎంత దూరం పోతుందో చెప్పే ఉదంతం ఒకటి 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అమెరికాలో 32 ఏళ్ల మనిషి విపరీతమైన కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చాడు. రికార్డులో ‘పురుషుడు’ అని ఉంది. తాను ట్రాన్స్ అని, ఇంట్లో చేసుకున్న గర్భపరీక్షలో పాజిటివ్ వచ్చిందని అతనే నర్సుకు చెప్పాడు. అయినా అంత తొందరేమీ లేదనుకున్నారు. కొన్ని గంటల తర్వాత డాక్టరు చూసేసరికి బొడ్డుతాడు కిందికి జారి ఉంది. బిడ్డ దక్కలేదు. అక్కడ ఎవరూ అతన్ని తిట్టలేదు, గెంటలేదు. మగవాడు, కడుపునొప్పి అనే రెండు మాటలు పక్కపక్కన ఉంటే కాన్పు నొప్పి అన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు, అంతే.

ఇప్పుడు తెలుగు సంగతి. ఇంగ్లిష్‌వాళ్లు ఈ చర్చలో పడే తిప్పల్లో సగం మనకు అవసరమే లేదు, ఎందుకంటే మన వ్యాకరణం వేరే దారిలో నడుస్తుంది. తెలుగు క్రియలో ఆడామగా తేడా కనపడేది దాదాపు ఒక్కచోటే: ఎదుట లేని ఒక్క మనిషి గురించి చెప్పేటప్పుడు. వచ్చిండు, వచ్చింది. ఇద్దరైతే చాలు, ‘వచ్చిన్రు’లో ఆ తేడా కరిగిపోతుంది. ‘నేనొచ్చిన’, ‘నువ్వొచ్చినవు’ అన్నప్పుడు అసలే లేదు. హిందీలో ‘నేను పోతున్న’ అనడానికే మగవాడైతే ‘జాతా’, ఆడదైతే ‘జాతీ’ అనాలి. వరంగల్ నుంచి ఫోన్ చేసి ‘నేనొస్తున్న’ అన్నవాళ్ల లింగం గొంతును బట్టి ఊహించుకోవాల్సిందే తప్ప మాటలో దొరకదు. ‘చిన్నవాణ్ణి’, ‘చిన్నదాన్ని’ లాంటి మాటలు మాత్రం దొరికిపోతాయి.

కాబట్టి కరపత్రం రాసేవాళ్లకు అన్నిటికంటే సులువైన దారి ఎదుటి మనిషితో నేరుగా మాట్లాడటం. ‘గర్భిణీ స్త్రీలు ఐరన్ మాత్రలు వేసుకోవలెను’ బదులు ‘నెల తప్పిందా? పేరు రాయించుకోండి. ఐరన్ మాత్రలు రోజూ వేసుకోండి’ అంటే చాలు. ఇందులో ఎవరినీ చేర్చలేదు, ఎవరినీ తీసేయలేదు. పైగా బాగా అర్థమవుతుంది. ఎక్కువమంది గురించి చెప్పాల్సి వస్తే ‘కడుపుతో ఉన్నవాళ్లు’ ఉండనే ఉంది. ఏ సంఘమూ కూర్చుని తయారు చేసిన మాట కాదది, మా అమ్మమ్మ మాట.

అసలు మన ఆడవాళ్ల నోట ఇంతకంటే మంచి మాట ఒకటుంది. కడుపుతో ఉన్నావిడ బరువు ఎత్తబోతే పక్కింటామె వారిస్తుంది: ‘‘ఒట్టి మనిషివి గాదు, జర పైలం.’’ మనిషి అంటుంది, ఆడది అనదు. పాలివ్వడం కూడా అంతే. ఇంగ్లిష్‌లో ఆ పని పేరులోనే రొమ్ము ఉంది కాబట్టి దాన్ని ఛాతీగా మార్చాలా వద్దా అని ఏళ్ల తరబడి కొట్లాట. మన ‘పాలివ్వడం’లో రొమ్మూ లేదు, ఛాతీ లేదు, పాలే ఉన్నాయి. వరంగల్‌లో సీకేఎం అంటే సర్కారు కాన్పుల దవాఖాన. ‘సీకేఎంల కాన్పయింది’ అంటే సరిపోతుంది, ఆడవాళ్ల దవాఖాన అని విడిగా చెప్పక్కర్లేదు.

అలాగని అన్నీ నున్నగా లేవు. ‘బాలింత’కు రెండో లింగం లేదు. ‘బిడ్డ’ మన దగ్గర ఇంకో చిక్కు: కోస్తాలో బిడ్డ అంటే ఎవరైనా కావచ్చు, తెలంగాణలో ‘నాకొక కొడుకు, ఇద్దరు బిడ్డలు’ అంటే ఇద్దరు కూతుళ్లు. అక్కడ తయారైన కాగితంలో ‘మీ బిడ్డకు టీకాలు’ అని ఉంటే కొడుకున్న తల్లి ఆగిపోదు గానీ, ఆ కాగితం తన యాసలో మాట్లాడటం లేదని మాత్రం తెలుస్తుంది. ఇక ‘లింగం’. వ్యాకరణంలో అదే, స్కానింగ్ సెంటర్ బోర్డు మీద ‘లింగ నిర్ధారణ’లోనూ అదే, గుడిలోనూ అదే. శరీరం ఒకటి, తనను తాను ఎవరుగా ఎరుగుతారన్నది ఇంకొకటి అని విప్పి చెప్పడానికి ఈ ఒక్క మాటతో పని నడవదు. ‘జెండర్’ అనే మాట తెలుగులో స్థిరపడటానికి కారణం ఇంగ్లిష్ మోజు ఒక్కటే కాదు.

‘తల్లిదండ్రులు’ అన్న మాట చూడండి. 2023 ఫిబ్రవరిలో కేరళలోని కోజికోడ్‌లో ఒక ట్రాన్స్ పురుషుడు బిడ్డను కన్నాడు. తోడున్నది ట్రాన్స్ మహిళ. జనన ధ్రువపత్రంలో కన్నవాడిని ‘తల్లి’ గడిలో, ఆమెను ‘తండ్రి’ గడిలో రాశారు. వాళ్లు హైకోర్టుకు పోతే, ఆ రెండు గడులూ తీసేసి ఇద్దరినీ ‘పేరెంట్స్’ అని చూపిస్తూ పత్రం ఇవ్వాలని 2025లో తీర్పు వచ్చింది. ఆ తీర్పును తెలుగులో రాస్తూ ‘తల్లి, తండ్రి బదులు తల్లిదండ్రులు అని రాయాలన్నది కోర్టు’ అంటే నవ్వులపాలవుతాం. మనకున్న మాట ‘కన్నవాళ్లు’. కన్నతల్లి అన్నట్టే కన్నతండ్రి అనీ అంటాం. కనడాన్ని తండ్రికి కూడా అంటగట్టిన భాష ఇది. వాడుకోవడం మన చేతిలో ఉంది.

ఇక్కడ ఒక గందరగోళాన్ని విప్పాలి. తెలుగు పేపరు చదివేవాళ్లకు ట్రాన్స్‌జెండర్ అంటే మనసులో మెదిలేది హిజ్రా. ఉత్తర తెలంగాణలో ఈ పరిచయం పాతదే. వేములవాడలో శ్రీరామనవమి నాడు శివపార్వతులు అని పిలిచే భక్తులు, హిజ్రాలు రాజన్నను, అంటే అక్కడి శివుణ్ణి, పెళ్లాడటం ఏటా జరిగేదే. ఐనవోలు మల్లన్న జాతరలో శివసత్తుల పూనకాలు చూసి పెరిగినవాళ్లం. అయితే హిజ్రాల్లో దాదాపు అందరూ మగపిల్లలుగా పుట్టి వేరే దారి పట్టినవాళ్లు. నిజాం కాలపు 1329 ఫసలీ చట్టం, అంటే 1919 నాటిది, ‘నపుంసకుల’ను పోలీసు రిజిస్టరుకు ఎక్కించి, వీధిలో ఆడవేషంలో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకోనిచ్చింది. ఆ చట్టం కంటికి కూడా ఆనింది మగశరీరాలే. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసేదాకా అది పుస్తకాల్లో ఉంది. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవాళ్లకు జాతరలో చోటు లేదు, నిజాం చట్టంలో పేరు లేదు, మా ఊరి తిట్లలో కూడా మాట లేదు. కాన్పు కరపత్రానికి కావలసింది మాత్రం సరిగ్గా వాళ్లే. ‘ట్రాన్స్‌జెండర్లు కూడా రావచ్చు’ అని కింద ఒక లైను చేరిస్తే ఆశా కార్యకర్త కళ్ల ముందు వచ్చే బొమ్మ వేరు, ఆ లైను ఎవరి కోసమో ఆ మనిషి వేరు.

అందుకే నేననేది, ట్రాన్స్ పురుషులు అని తెగేసి రాయాలి.

చట్టం ఈ మాటల పని కొంత ముందే చేసి పెట్టింది. 2014 ఏప్రిల్ 15న, జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు, తన లింగం ఏదో చెప్పుకునే హక్కు మనిషిదేనంది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం తెచ్చిన 2019 చట్టం, వచ్చినప్పటి నిర్వచనంలో ట్రాన్స్ పురుషులనూ పేరు పెట్టి చేర్చింది. 2022 సెప్టెంబరు 29న, పెళ్లికాని ఒక అమ్మాయి అబార్షన్ కేసులో ఇచ్చిన తీర్పులో, ‘స్త్రీ’ అన్నచోటల్లా సురక్షితమైన అబార్షన్ అవసరమయ్యే ఇతరులు కూడా ఉన్నారని చదువుకోవాలని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024లో ఇంకో కేసులో నేరుగా ‘గర్భంతో ఉన్న వ్యక్తి’ అనే రాసింది. కోర్టు మాటను మార్చిన తీరు గమనించండి. మొదటిసారి పాత మాటనే ఉంచి దాని వాకిలి వెడల్పు చేసింది, రెండోసారి కొత్త మాట ఎత్తుకుంది. రెండూ చెల్లుతాయి.

2022 తీర్పు అసలు పెళ్లి గురించి అన్నది మనవాళ్లు మరిచిపోతారు. 2021లో అబార్షన్ చట్టాన్ని సవరించినప్పుడు, గర్భనిరోధకం విఫలమైన సందర్భంలో ‘వివాహిత, ఆమె భర్త’ అని ఉన్నచోట ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మార్చారు. ఒక్క మాట మారితే పెళ్లికానివాళ్లకు తలుపు తెరుచుకుంది. మన కాగితాలు ఇప్పటికీ ‘భర్త పేరు’ దగ్గరే ఆగి ఉన్నాయి. ఆశా కార్యకర్త చేతిలో ఉండే రిజిస్టరు పేరే ‘అర్హ దంపతుల రిజిస్టరు’. పెళ్లయి, భార్య వయసు 15 నుంచి 49 మధ్య ఉన్న జంటలే అందులోకి ఎక్కుతారు. గర్భనిరోధక మాత్రలు, సలహాలు ఆ లెక్క ప్రకారం గడపగడపకూ పోతాయి. మొగుడు వదిలేసినామె, పెళ్లికాని పిల్ల, ట్రాన్స్ పురుషుడు, ముగ్గురూ ఒకే కారణంగా ఆ పుస్తకం బయట ఉన్నారు. అందరినీ కలుపుకునే భాష అంటే పిడికెడు మంది కోసం చేసే మర్యాద అనుకునేవాళ్లు ఈ రిజిస్టరును ఒకసారి తిరగేయాలి.

లోపల ఉన్నవాళ్లను కూడా భాష సుఖంగా ఉంచదు. ‘గొడ్రాలు’ అనే తిట్టుకు మగరూపం వాడుకలో ఉందా? లోపం ఆయనలో ఉన్నా మాట ఆమె మీదే పడుతుంది. ‘ఆపరేషన్ అయిందా?’ అని ఊళ్లో అడిగితే అది ఎవరి ఆపరేషనో ఎవరూ అడగరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15–49 ఏళ్ల వివాహితల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ తానే చేయించుకున్నవాళ్లు 37.9 శాతం, భర్త చేయించుకున్నవాళ్లు 0.3 శాతం. మగవాళ్ల ఆపరేషన్ వేసెక్టమీ, నో స్కాల్పెల్ పద్ధతిలో అయితే, కత్తి కోతా కుట్లూ లేకుండా నిమిషాల్లో అయిపోయే పని. ‘మహిళలకు సూచనలు’ అని అచ్చేసిన కాగితాన్ని మగవాడు చదవడు, చదవకపోవడం తన తప్పని కూడా అనుకోడు. ఇక్కడ ‘మీరిద్దరూ’ అని రాయడం కూడా కలుపుకునే భాషే.

ఇంత చెప్పాక, ‘స్త్రీ’ అన్న మాటను తీసేయమంటే మాత్రం నేను ఒప్పుకోను.

2021లో ఇంగ్లండ్‌లో జరిగిన రెండు సంగతులు ఈ తేడాను చక్కగా చూపిస్తాయి. బ్రైటన్ ఆసుపత్రుల ట్రస్టు తన ప్రసూతి సేవల్లో ‘స్త్రీలు, ప్రసవించే వ్యక్తులు’ అని రెండూ కలిపి రాస్తామంది. ఉన్నది ఉంచి, ఇంకొకటి చేర్చింది. తల్లి అన్న మాటను నిషేధించారని కొన్ని పత్రికలు గోల చేశాయి గానీ అది నిజం కాదు. అదే ఏడు సెప్టెంబరులో లాన్సెట్ వైద్య పత్రిక తన అట్ట మీద ‘యోనులున్న శరీరాలు’ అనే మాటలున్న వాక్యాన్ని పెద్దగా వేసింది. చేర్చడం కాదిది, ఆడవాళ్లను తీసేసి అవయవాన్ని మిగల్చడం. తిట్లు పడ్డాయి, సంపాదకుడు రిచర్డ్ హార్టన్ క్షమాపణ చెప్పాడు. మరుసటి ఏడు కార్లీన్ గ్రిబుల్, మరికొందరు పరిశోధకులు ఒక వ్యాసంలో ఇంకో ముఖ్యమైన మాట అన్నారు: స్త్రీ, తల్లి అనే మాటలు తీసేస్తే ముందుగా దెబ్బతినేది చదువు తక్కువైనవాళ్లు, ఆ భాష సొంతం కానివాళ్లు. విడిగా ఒక మనిషితో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మనిషి కోరిన మాటే వాడమన్నారు.

నర్సమ్మల ప్రశ్న గుర్తుందా? అది ఈ వాదనకు మా ప్రెస్‌లో దొరికిన సాక్ష్యం.

గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్ష దగ్గర ఈ రెండు వైపులూ ఎదురెదురుగా నిలబడతాయి. ‘30 దాటిన మహిళలందరూ రావాలి’ అంటే అందులో తప్పుంది. అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 8.2 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం సగటు 3.3. వేరే జబ్బు కోసం మూతితో సహా తీసేయించుకున్నవాళ్లకు మామూలుగా ఈ పరీక్ష అక్కర్లేదు. మూతి ఉన్న ట్రాన్స్ పురుషుడికి కావాలి. కాబట్టి లెక్కకు సరైన మాట ‘గర్భసంచి మూతి ఉన్నవాళ్లు’. కానీ తనకు మూతి ఉందో, ఆపరేషన్‌లో పోయిందో తెలియని ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది! అవయవం పేరు పెట్టి పిలిస్తే పలకాల్సినవాళ్లే పలకరు. నేనైతే ఇలా రాస్తాను: ‘30 దాటిన ఆడవాళ్లు ఈ పరీక్షకు రండి. గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు ఆ కాగితాలు తెచ్చి చూపించండి. గర్భసంచి ఉన్న ట్రాన్స్ పురుషులకు కూడా ఈ పరీక్ష అవసరం.’ మూడు వాక్యాలు పట్టింది. పట్టనివ్వండి. అందరినీ ఒకే మాటలో కుక్కాలన్న పట్టుదల దగ్గరే ఈ రగడ అంతా మొదలవుతుంది.

‘తల్లిపాలు’ కూడా నేను ముట్టుకోను. డబ్బా పాలకు ఎదురు నిలబడిన పేరు అది. దాన్ని ‘మానవ పాలు’ చేస్తే ముర్రుపాలు పిండి పారబోసే అత్తలకు ఇంకో సాకు దొరుకుతుంది.

ఒక మనిషి ఎదురుగా నిలబడ్డప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. గుంపుకు చెప్పేటప్పుడు ‘వాళ్లు’ మంచి మాటే. కానీ ట్రాన్స్ మహిళకు కావలసింది ‘అక్కా’ అన్న పిలుపు, ‘వచ్చింది’ అన్న క్రియ. ట్రాన్స్ పురుషుడు వినాలనుకునేది ‘అన్నా’. అక్కడ మధ్యస్థంగా ‘పేషెంటు వచ్చిన్రు’ అని తప్పుకోవడంలో మర్యాద ఉన్నట్టే ఉంటుంది, లోపల ఎడం ఉంటుంది. ఏమని పిలవాలో అడిగితే సరిపోతుంది. ఓపీ దగ్గర పదిమందిలో పేరు పెట్టి అరవడం కంటే టోకెన్ నంబరు పిలవడం మేలు, అది ఏ భాషా తెలియకపోయినా చేయగల పని. 2022 చివర్లో ఉస్మానియా దవాఖానలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు ప్రభుత్వ వైద్యాధికారులుగా చేరారు. వారిలో ప్రాచీ రాథోడ్ చదివింది మన ఆదిలాబాద్ రిమ్స్‌లోనే. బల్లకు అవతల కూర్చున్న డాక్టరే ట్రాన్స్ అయినప్పుడు ఈ పిలుపుల పాఠం ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

మా కరపత్రం చివరికి ఇలా తేలింది. శీర్షిక: ‘కడుపుతో ఉన్న ఆడవాళ్లకు, గర్భం వచ్చిన ట్రాన్స్ పురుషులకు, తోడుండే ఇంటివాళ్లకు.’ మొదటి లైను: ‘నెల తప్పిందా? 12 వారాలు నిండకముందే దగ్గరి దవాఖానలో పేరు రాయించుకోండి.’ ‘భర్త పేరు’ను ‘తోడుగా వచ్చేవారి పేరు’గా మార్చమన్నాను. సర్కారు కార్డులో భర్త పేరే ఉంది కదా, రెండూ కలవకపోతే తిప్పలని సంస్థవాళ్లు వద్దన్నారు. వాళ్ల భయమూ ఉత్తది కాదు, ఊరుకున్నాను.

అచ్చయ్యాక అదే ఆశా కార్యకర్త వచ్చింది. ఈసారి ఆగకుండా చదివేసింది, శీర్షిక దగ్గరికి మళ్లీ వచ్చి ట్రాన్స్ పురుషులంటే ఎవరని అడిగింది. చెప్పాను. శ్రద్ధగా విన్నది. ‘‘మా దిక్కు అసొంటోళ్లు లేరక్కా’’ అని కట్టను సంచిలో పెట్టుకుంది. సంచిలో ముందే ఉన్న రిజిస్టరు అడ్డం వస్తే దాన్ని తీసి నా బల్ల మీద పెట్టి, కరపత్రాలు సర్దుకుని, మళ్లీ పైన పెట్టుకుంది. దాని అట్ట మీద ‘అర్హ దంపతులు’ అని ఉంది.